కత్తెరకు కట్టిన పచ్చ దారం

లింగంపేట వాళ్ల కత్తెరల పిడికి పచ్చ దారం చుట్టి ఉంది. పక్క వరుసలో ఎల్లారెడ్డి వాళ్ల కత్తెరలకు ఎర్ర దారం. నిన్నటిదాకా అవి అందరి కత్తెరలు.

ఎల్లారెడ్డిలోని మా కుట్టు కేంద్రంలో రెండు ఊళ్ల ఆడవాళ్లం కలిసి సర్కారు బడి పిల్లలకు చొక్కాలు కుడుతున్నాం. కామారెడ్డిలో డిగ్రీ చదివానని నన్ను లీడర్‌ను చేశారు. బడులు తెరిచేలోపు ఇవ్వకపోతే వచ్చే ఏడు ఈ పని మాకు రాదు. ఆ భయంతోనే గోడ మీది బోర్డును రెండు భాగాలు చేసి, రోజూ ఏ ఊరివాళ్లు ఎన్ని చొక్కాలు కుట్టారో రాయడం మొదలుపెట్టాను. మూడు రోజులు మిషన్లు ఆగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. నాలుగో రోజు ఈ దారాలు.

ఆ మర్నాడు లింగంపేట వరుసలో బొత్తాలకు కాజాలు కుట్టే మిషన్ సూది విరిగింది. సామాన్ల డబ్బా చూసుకునే ఎల్లారెడ్డి అక్కను అడిగాను.

"సూదులు అయిపోయినయి చెల్లె."

కాజాలు లేని చొక్కాలు మోకాలి ఎత్తున పేరుకున్నాయి. మధ్యాహ్నం బొత్తాల కోసం నేనే ఆ డబ్బా తెరిస్తే, అడుగున విప్పని సూదుల ప్యాకెట్!

"గిదేందక్కా?"

అక్క తల దించుకుంది. "వాళ్లు మమ్ముల దాటిపోతే బోర్డు మీద రాసేది నువ్వే గద?"

కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రోజూ సుద్దముక్క పట్టుకున్నది నేనే. గుడ్డపేలిక తీసుకుని బోర్డు మొత్తం తుడిచేశాను.

"తప్పు నాదే. ఇగ ఊర్ల లెక్క లేదు. ఒకే చొక్కాకు ఒక ఊరోళ్లు కాలర్ కుడితే, ఇంకో ఊరోళ్లు చేతులు కుట్టాలె. పక్కపక్కన కూసోండ్రి."

ఎవరూ కదల్లేదు. చాలా ఏళ్లు బీడీలు చుట్టిన లింగంపేట అవ్వ ముందుగా కుర్చీ ఎత్తుకుంది.

"మంచిగ తుడిచినవ్ బిడ్డా! లెక్క తగ్గుతదని నాలుగొద్దుల సంది నీళ్లు గుడ తాగలే."

అందరం పగలబడి నవ్వాం. డబ్బా అక్క ఆలస్యంగా నవ్వింది, తర్వాత తానే వెళ్లి మిషన్‌కు సూది బిగించింది. సాయంత్రానికి కుప్ప సగమైంది. దారాలు మాత్రం ఎవరూ విప్పలేదు. గుడ్డల్లో కత్తెర తొందరగా దొరుకుతోందట.

ఇంటికొచ్చాక ఇంకోటి తట్టింది. నా పిల్లలతో పాలు తాగించేదీ ఇదే ఉపాయంతో: "ఎవరు ముందు తాగితే వాళ్లే నా పార్టీ." ప్రతి రోజూ కొడుకు గెలుస్తాడు. వాడి అక్కకు మీగడంటే పడదు, ఏడుస్తుంది.

తెల్లవారి ఇద్దరి ముందూ గ్లాసులు పెట్టాను.

"అమ్మా, ఇయ్యాల గుడ నేనే ఫస్ట్!" అన్నాడు వాడు.

"ఫస్ట్ లేదు, లాస్ట్ లేదు. ముందు నువ్వు అక్క గ్లాసుల మీగడ తీసిపెట్టు. రెండు గ్లాసులు ఖాళీ అయినంకనే ఇద్దరు ఆటకు పోవాలె."