గోడకు అటు రాజవ్వ, ఇటు నేను

సిరిసిల్లలో నేత కార్మికులకు సర్కారు కట్టించిన పాత క్వార్టర్లలో మా వరసను శుక్రవారం కూలగొడతారని తెలిసింది. ఆ ఉదయం ఏడుంబావుకు జగిత్యాలలో బస్సెక్కాను. కోరుట్లలో దిగితే, ఇప్పుడు అక్కడే ఉంటున్న రాజవ్వ కలిసింది. క్వార్టర్లలో మా ఇద్దరికీ ఒకటే గోడ, పదకొండేళ్లు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుస్తుంటే పిలుపు వినపడదు. అందుకని గోడకు కన్నం పొడిచి, నూలు దూర్చి, రెండు కొసలకూ దారం చుట్టే ఖాళీ కండెలు కట్టుకున్నాం. ఒకసారి లాగితే నల్లా నీళ్లు వచ్చినట్టు. రెండుసార్లు లాగితే చాయ్ పెట్టినట్టు. ఆ గోడను కూలేలోపు ఒక్కసారి చూడాలి.

కోరుట్ల నుంచి రుద్రంగి, వేములవాడ మీదుగా సిరిసిల్ల బస్సులు తక్కువ. వెళ్లేవాళ్లు పొద్దున కుడివైపు కూర్చోవాలి, ఎండ పడదు. రాజవ్వది ఇప్పటికీ సాంచాల మధ్య మాట్లాడే గొంతే.

"అక్కా, నీ మోకాళ్లెట్లున్నయ్?" అంది. బస్సంతా నావైపు తిరిగింది.

"నొస్తున్నయ్" అన్నాను మెల్లగా.

"నొస్తున్నయట" అని ముందు సీటాయన డ్రైవరుకు చెప్పాడు.

తొమ్మిదిన్నరకు రుద్రంగిలో బస్సు ఆగింది. తెలంగాణ కోసం బంద్. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, గుండిగలు, వంటావార్పు.

"మా ఇల్లు కూలగొడ్తున్నరు కొడుకా, జర పోనియ్యి" అని రాజవ్వ జెండా పట్టుకున్నాయనను అడిగింది.

"తెలంగాణ వద్దా అవ్వా నీకు?"

"ఎందుకు వద్దు? తెలంగాణ గావాలె, గోడ గావాలె."

"అయితే బువ్వ తిన్నంకనే బస్సు. గీ ఉల్లిగడ్డలు కొయ్యుండ్రి."

కోశాం. పప్పులో ఉప్పు చాలలేదని చెప్పి వేయించాను. మైకు పాడైతే నినాదాలు రాజవ్వతో ఇప్పించారు. మైకు లేని సంగతి ఎవరికీ తెలియలేదు. రెండింటికి బస్సు కదిలింది. గోడ పోయి ఉంటుందని ఇద్దరికీ తెలుసు. సిరిసిల్లలో దిగి క్వార్టర్ల దాకా నడిచాం.

మొదటి రెండు వరసలు నేలమట్టం. మూడోది, మాది, నిలబడే ఉంది. దాని ముందు జేసీబీ, దాని నీడలో కాళ్లు చాపుకున్న డ్రైవరు.

"ఆ రెండూ నిన్న కొట్టినం. ఇయ్యాల బంద్ గదవ్వా" అన్నాడతను. "మేం సుత వంటావార్పుకు పోయినం."

మమ్మల్ని ఆపిన బందే దాన్నీ ఆపింది. నవ్వు ఆపుకోలేక ఇటుకల మీద కూలబడ్డాం.

రాజవ్వ సంచిలోంచి నూలు, రెండు కండెలు తీసింది. ఎవరి గదిలోకి వాళ్లం వెళ్లాం. కన్నంలోంచి కొస వచ్చింది. ఒకసారి లాగింది. నేను బిందె కోసం చుట్టూ చూశాను.

చీకటిపడేవేళకు తిరిగి కోరుట్ల చేరాం. జగిత్యాల బస్సెక్కి టికెట్ తీసుకున్నాను. అనుకున్న వేళకు ఒక్కటీ జరగని ప్రయాణాల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. రాజవ్వ కిటికీ కింద నిలబడింది. కన్నంలోంచి నూలు లాగేసి చెరొక కండె ఉంచుకున్నాం కానీ మధ్య నూలు తెంపడం మరిచాం. ఇంజను మొదలైంది. నా చేతిలో కండె రెండుసార్లు కదిలింది.

"ఆపు కొడుకా, దిగుత" అన్నాను.

"ఇప్పుడే జగిత్యాల టికెట్ తీసుకుంటివి గదా?" అన్నాడు కండక్టర్.

"చాయ్ పెట్టింది" అని చెప్పి దిగాను.