డ్రైవర్ కోసం ఇరవై రెండు నిమిషాలు

ఆ ఊరికి నేను చేరింది 2006 సెప్టెంబరులో, ఒక సోమవారం ఉదయం ఏడున్నరకి. సన్నటి వాన, ఐదు డిగ్రీలు. న్యూజీలాండ్ సైన్యంలో నేను మెడిక్‌ని. మా బృందం అఫ్గానిస్థాన్ వెళ్ళేలోపు నాకు చెయ్యి తిరగాలని, ఆరు వారాలు ఈ పాడి రైతుల ఊళ్ళో అంబులెన్స్ మీద పనిచేయమని ఆర్డర్ ఇచ్చారు.

ఒక షెడ్డు, ఒక బండి, రెండు స్ట్రెచర్లు, నాలుగు ఆక్సిజన్ సిలిండర్లు. నడిపేది జీతం లేని వాలంటీర్లు. డ్రైవర్ డగ్, పాడి రైతు. రెండో మనిషి సుగుణక్క, వృద్ధుల హోమ్‌లో పనిచేసే గుంటూరావిడ. మనురేవా అనే నగర శివారులో, తెలుగింట్లో పెరిగిన నాకు అంత మారుమూల తెలుగు వినపడుతుందని కల్లో కూడా అనుకోలేదు.

"మిలిటరీ తమ్ముడూ, ముందు టీ తాగు. తర్వాత మమ్మల్ని ఉద్ధరిద్దువుగాని" అంది మొదటిరోజే.

అన్నట్టే ఉద్ధరించడం మొదలుపెట్టాను. సంచులన్నీ మళ్ళీ సర్దించాను, కట్లు మళ్ళీ కట్టించాను. శిక్షణ ఎక్కువున్నవాడి మాట వినడం వాళ్ళ పద్ధతి. ఎవరూ ఎదురు చెప్పలేదు.

నాలుగో వారం, బుధవారం మధ్యాహ్నం 3:40కి పిలుపొచ్చింది. పొలం వాలు మీద నాలుగు చక్రాల బైకు బోల్తాపడి, దాని కింద ఒక రైతు. 4:00కి చేరాం. ఆ రైతు డగ్ వాళ్ళ అన్న, రాస్.

బైకు ఎత్తి పక్కకి తోశాం. స్పృహ ఉంది. పొట్ట బిగుసుకుపోయింది. నాడి 130. లోపల రక్తం పోతోంది. దానికి నా సంచిలో మందు లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. ఆసుపత్రికి యాభై నిమిషాలు.

రేడియోలో హెలికాప్టర్ అడిగాను.

"రావడం కుదరదు. కొండ మీద మబ్బు దిగింది. రోడ్డు మీదే తీసుకురండి."

4:10కి స్ట్రెచర్ ఎక్కించాం. డగ్ స్టీరింగ్ వైపు వెళ్ళాడు. అడ్డుపడ్డాను. గాయపడింది సొంతవాడైతే బండి ముట్టుకోకూడదని సైన్యంలో నాకు నూరిపోశారు.

"నువ్వు నడపకూడదు డగ్."

"నా చేతులు బాగానే ఉన్నాయి మేట్."

"రూల్ రూలే. ఇంకో డ్రైవర్ని పిలవండి."

సుగుణక్క నా భుజం పట్టుకుంది. "తమ్ముడూ, ఇక్కడ అందరూ అందరికీ చుట్టాలే. ఆ రూల్ పెడితే ఈ బండి ఎప్పటికీ కదల్దు. పోయినేడు వాళ్ళమ్మనీ తనే తీసుకెళ్ళాడు. పోనియ్యి."

"బాధ్యత నాది అక్కా" అన్నాను, పెద్ద పోటుగాడిలా.

డగ్ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. రెండో డ్రైవర్ తన పొలంలో, పాలు పితికే షెడ్‌లో ఉన్నాడు. అక్కకి ఆ బండి నడిపే అనుమతి లేదు. నేను పేషెంట్‌ని వదల్లేను. ఆ డ్రైవర్ వచ్చేసరికి 4:32.

అంతసేపూ ఆక్సిజన్ పెట్టి, సెలైన్ ఎక్కించి, దుప్పట్లు కప్పి కూర్చున్నాను. నాడి 140, తర్వాత 150. "ఇంకా బయల్దేరలేదేం?" అని రాస్ రెండుసార్లు అడిగాడు. డగ్‌ని పిలుద్దామని ఒకసారి నోరు తెరిచాను. నేనన్న మాట వెనక్కి తీసుకోవడానికి అహం అడ్డొచ్చింది. సిగ్గుతో చెబుతున్నాను, అది రూలు కాదు, అహమే.

ఆసుపత్రి ఇంకా పదిహేను నిమిషాలుందనగా రాస్ గుండె ఆగింది. గుమ్మం దాకా ఛాతీ నొక్కుతూనే ఉన్నాం. 5:31కి డాక్టర్ ఆపమన్నాడు. ముందే వస్తే బతికేవాడా అని అడిగాను. "చెప్పలేను" అన్నాడు. అవునన్నా, కాదన్నా బాగుండేది.

ఊళ్ళో ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా తేలికపడేవాణ్ణి. మిగతా రెండు వారాలూ గడిచాయి. క్యాంపుకి వెళ్ళాను, అక్కణ్ణుంచి అఫ్గానిస్థాన్‌కి, ఆరు నెలలకి ఇంటికి. యుద్ధంలో ఏం చూశావని మనవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. నా కళ్ళ ముందు నిలిచింది వేరే.

ఆ ఇరవై రెండు నిమిషాలూ డగ్ పొలం గేటు దగ్గర వానలో నిలబడ్డాడు. గాలికి మూసుకుపోకుండా దాన్ని వీపుతో ఆపి పట్టుకున్నాడు. మా బండి దాటాక వెనక తలుపు అద్దంలోంచి చూశాను. ఆవులు రోడ్డెక్కకుండా గేటు వేసి, గొలుసు తగిలిస్తున్నాడు. డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉంది. అందులో కూర్చోకూడదని ఏ రూలూ లేదు. ఎక్కమని నేను అనలేదు.