ఫోటోలకు బదులు పూర్తి పేజీ

1967 వర్షాకాలంలో విశ్వవిద్యాలయ ఆవరణలోని ఒక మహిళా హాస్టలు నుంచి మా స్టూడియోకు కబురు వచ్చింది. హాస్టలు వార్షికోత్సవానికి సావనీరు వేస్తున్నారు. అందులోకి అమ్మాయిలందరి ఫోటోలూ, ఒక గ్రూపు ఫోటో కావాలి. వార్డెను మగ ఫోటోగ్రాఫరును లోపలికి రానివ్వరు కాబట్టి నన్ను రమ్మన్నారు. కెమెరా నా చేతికి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

తార్నాకలో, ఒక సైకిలు షాపు పక్కన ఉన్న ఆ స్టూడియో నా భర్త జయరాజ్‌ది. ఆయన మల్కాజ్‌గిరిలో పుట్టి పెరిగారు. సికింద్రాబాదులో ఒక పెద్ద స్టూడియోలో పని నేర్చుకుని తార్నాకలో సొంతంగా పెట్టుకున్నారు. క్యాంపసులో వీడ్కోలు సభ జరిగినా, క్లర్కుల ఇళ్లలో పెళ్లి జరిగినా ఆయననే పిలిచేవారు. పెళ్లయిన కొత్తలో నాకు డార్క్‌రూము పని నేర్పారు. ఎర్రదీపం వెలుగులో ప్రింట్లు కడగడం, నెగెటివు మీద సన్నటి పెన్సిలుతో ముఖంలోని మచ్చలు సరిదిద్దడం నా పనులు. ఈ సరిదిద్దడాన్ని మేం టచింగ్ అనేవాళ్లం. కెమెరా మాత్రం ఆయనదే.

ఆ ముందటి సంవత్సరం పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు. కుంటుతూ నడవగలిగేవారు. చెయ్యి మాత్రం భుజం దాకా లేవలేదు. అప్పటినుంచి ఆయన కౌంటరు దగ్గర కూర్చున్నారు, నేను కెమెరా వెనక నిలబడ్డాను.

పరీక్ష దరఖాస్తులకు ఫోటో కావలసిన విద్యార్థులు వస్తూనే ఉన్నారు. కానీ ఆ చిన్న ఫోటోల మీద స్టూడియో నడవదు. నడిపేవి పెళ్లిళ్లు, గ్రూపు ఫోటోలు. పెళ్లి పందిట్లో పదిమంది మగవాళ్ల ముందు ఆడమనిషి స్టాండు వేసి నిలబడడం ఎవరికీ నచ్చలేదు. ఒక్కొక్కరే వేరే స్టూడియోలకు వెళ్లిపోయారు.

అలాంటి సమయంలో హాస్టలు పని వచ్చింది. సావనీరు కమిటీకి కన్వీనరు శారదాంబ గారు. ఆమె లెక్చరరు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నన్ను కూర్చోబెట్టి మర్యాదగా మాట్లాడారు. కమిటీ దగ్గర డబ్బు లేదనీ, ఫోటోలకు బదులుగా సావనీరులో మా స్టూడియో ప్రకటన పూర్తి పేజీ వేస్తామనీ చెప్పారు. రెండు రోజుల్లో ఏ సంగతీ చెబుతానని వచ్చేశాను.

జయరాజ్ వినగానే వద్దన్నారు.

"పైసలు అడుగు ఎస్తేరూ. తక్కువిచ్చినా మంచిదే. ఫిల్ము మనకు ఊకెనే వస్తున్నదా, పేపరు ఊకెనే వస్తున్నదా?"

నా ఆలోచన వేరు. ఆ పుస్తకం ప్రతి అమ్మాయి ఇంటికీ వెళుతుంది. తల్లులు చూస్తారు. పెళ్లి సంబంధం మాట్లాడాలంటే మగపెళ్లివారికి పిల్ల ఫోటో పంపాలి. ఎదిగిన పిల్లను మగ ఫోటోగ్రాఫరు ముందు కూర్చోబెట్టడానికి వెనకాడే ఇళ్లు చాలా ఉన్నాయి. అలాంటివాళ్లకు నేనొకదాన్ని ఉన్నానని తెలిస్తే చాలు. పెళ్లిళ్లు పోయినా స్టూడియో నిలబడుతుంది. ఇదంతా ఆయనకు చెప్పాను.

ఆయన ఎడమచేత్తో కుడిచేతి వేళ్లు ఒకటొకటిగా లాగుకుంటూ కూర్చున్నారు. చివరికి, "అయితే ఆ ముచ్చట పెద్దక్షరాలల్ల రాయించు. ఆడోళ్ల ఫోటోలు ఆడమనిషే తీస్తదని. నా పేరెందుకు? నీ పేరు వెయ్యమను," అన్నారు.

ప్రకటన ఇద్దరం కలిసి రాశాం. స్త్రీలకు ప్రత్యేకమనీ, ఫోటోలు స్వయంగా తీసేది శ్రీమతి ఎస్తేరు అనీ రాసి శారదాంబ గారికి ఇచ్చాను. ఆమె చదివి, "బాగుందమ్మా," అని ఫైల్లో పెట్టుకున్నారు.

హాస్టలు వరండాలో ఉత్తరం వైపు నుంచి వెలుతురు మెత్తగా పడే చోట తెల్ల దుప్పటి కట్టించి, అమ్మాయిలను ఒక్కొక్కరినే స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. గ్రూపు ఫోటోకు మబ్బు పట్టే దాకా ఆగాను. ఎండలో అయితే కళ్ల కింద నీడలు పడతాయి. ముందు వరసలో కుర్చీలు, వెనక నిలబడేవాళ్లు, ఆ వెనక బెంచీల మీద మరో వరస. మగవాళ్లు లేరు కాబట్టి అమ్మాయిలు స్వేచ్ఛగా నవ్వారు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన సుగుణ అనే అమ్మాయి నాతో, "అక్కా, ఫోటో అంటె మా నాయిన వద్దన్నడు. ఆడామె తీస్తదని జెప్తె ఒప్పుకున్నడు," అంది. ఆ మాట ఇంటికి వచ్చి జయరాజ్‌కు చెప్పాను. ఆయన నవ్వారు. జబ్బు చేశాక ఆయన అలా నవ్వడం చూడలేదు.

అన్నీ కడిగి, టచింగ్ చేసి, ప్రింట్లు తీసుకెళ్లి శారదాంబ గారికి అప్పగించాను. ఆమె ప్రెస్సుకు పంపారు.

సావనీరు అచ్చయి వచ్చింది. మా పేజీ కవరు లోపలివైపు ఉంది. మా స్టూడియో పేరు, దాని కింద పెద్దక్షరాలతో 'జయరాజ్ గారు స్వయంగా ఫోటోలు తీయుదురు', ఆ కింద 'వివాహములకు, సభలకు సంప్రదించండి'. స్త్రీల మాట లేదు, నా పేరు లేదు.

నేను వెంటనే శారదాంబ గారి దగ్గరకు వెళ్లాను. ఆమె తొట్రుపడలేదు.

"మీ మంచికే మార్చానమ్మా. ఆడమనిషి పేరు అలా అచ్చు వేయించడం ఏమిటని కమిటీలో ఒకరిద్దరు పెద్దలు అడిగారు. ఆలోచిస్తే నాకూ నిజమే అనిపించింది. జయరాజ్ గారి పేరు అందరికీ తెలుసు. ఆ పేరు మీదైతే నలుగురూ వస్తారు."

"ఆయన చెయ్యి పనిచేయదని మీకు తెలుసు కదండీ."

"తెలుసమ్మా. వాళ్లు ఆయన పేరు చూసి వస్తారు, మీరు తీస్తారు. దీన్లో నష్టమేముంది?"

ఆమె నిజంగానే మాకు మేలు చేశాననుకున్నారు. నేను నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఆమె చెప్పినట్టే నలుగురూ వచ్చారు. రామంతాపూర్ నుంచి ఒక గుమస్తా వచ్చింది నాకు బాగా గుర్తుంది. చెల్లెలి పెళ్లి. చేతిలో శుభలేఖ పట్టుకుని లోపలికి వస్తూనే అడిగాడు.

"జయరాజ్ సాబ్ ఉన్నరా? పెండ్లికి ఆయననే రావాలె."

కౌంటరు దగ్గరున్న జయరాజ్, "నేనే జయరాజ్ బాబూ," అన్నారు.

అతను చెయ్యి చాపాడు. జయరాజ్ ఎడమచెయ్యి ఇచ్చారు. అతని చూపు ఆయన ఒడిలో ఉన్న రెండో చేతి మీద పడింది.

"చెయ్యి పనిజేస్తలేదు. మా ఇంటామె తీస్తది. నా కన్న మంచిగ తీస్తది," అన్నారు జయరాజ్.

అతను నావైపు చూశాడు. తలవంచుకుని శుభలేఖ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిది సాబ్. ఇంట్ల అడిగి మల్ల వస్తా."

అతను మళ్లీ రాలేదు. అతని తర్వాత వచ్చినవాళ్లకు కూడా జయరాజ్ అదే మాట చెప్పవలసి వచ్చింది. మొదట్లో నవ్వుతూ చెప్పేవారు. తర్వాత నేలకేసి చూస్తూ చెప్పేవారు. ప్రకటన రాకముందు ఆ చుట్టుపక్కల అందరికీ ఆయన సంగతి తెలుసు కాబట్టి ఎవరూ అడిగేవారు కాదు. ఇప్పుడు తెలియనివాళ్లు వచ్చి అడుగుతున్నారు. ఒకరోజు ఆయన తన కుర్చీని వెనక గదిలోకి జరిపించుకున్నారు. "ముంగట కూసుంటె నడుము నొస్తున్నది," అన్నారు. నేను అవునన్నాను. అప్పటినుంచి కౌంటరు కూడా నేనే చూసుకున్నాను.

పైసలు అడగమన్నానే అని ఆయన ఒక్కసారి కూడా అనలేదు.

మరుసటి సంవత్సరం స్టూడియో మూసేశాం. నాకు ఒక పరిశోధన సంస్థలో ఫోటోగ్రాఫరు ఉద్యోగం దొరికింది. అక్కడ సూక్ష్మదర్శిని కింద పెట్టిన నమూనాలను ఫోటో తీయాలి. ఎవరు తీశారని ఎవరూ అడగని పని అది. జయరాజ్ మరి కొన్నేళ్లు బతికారు. నేను సీనియర్ ఫోటోగ్రాఫర్‌గా పదవీ విరమణ చేశాను.

ఆ ప్రకటన పనిచేయలేదని నేననను. అది బాగానే పనిచేసి జనాన్ని తెచ్చింది, మేం ఇవ్వలేనిదాని కోసం తెచ్చింది. తర్వాతి కాలంలో నా దగ్గర పని నేర్చుకుని బయట స్టూడియోలు పెట్టుకున్నవారు ఇలాంటి బేరాల గురించి సలహా అడిగేవారు. ప్రకటన తీసుకోవద్దని నేనెవరికీ చెప్పలేదు. ప్రెస్సు నుంచి ప్రూఫు తెప్పించుకుని, ప్రతి మాటా చదివి, సంతకం పెట్టే దాకా ఒక్క ప్రింటు కూడా చేతికివ్వవద్దని మాత్రం చెప్పాను.