తగరం ఏడుపు

పదిహేడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే, రెండు మాటలది. అంగట్లో పుట్టి పెరిగినదాన్ని, అలాంటివి రోజుకు పది చెప్పి ఉంటాను. వాటిలో ఒక్కటీ నాతో ఇంటికి రాలేదు. ఇదొక్కటే వచ్చింది. అన్నం ముందు కూర్చున్నా, పెళ్లి పందిట్లో కూర్చున్నా, పక్కన ఎవరో ఇరుక్కుని కూర్చున్నట్టు సర్దుకుంటూనే ఉంటాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే వాళ్ల ముఖం చూసి కథ మార్చేస్తాను.

మాది చిత్తూరు బజారులో పాత్రల అంగడి. మోకాళ్లు పట్టేసి నాయన ఇంట్లో ఉండిపోయాక అది నా చేతికి వచ్చింది. బేరంలో నన్ను మించినవాళ్లు వీధిలో లేరని పేరు. ఆ పేరు పుట్టించింది కూడా నేనేనేమో.

వీధి చివర మస్తాన్ మామ కొలిమి ఉండేది. నాయన ఆయన్ని బావా అనేవాడు కాబట్టి నాకు మామ. ఇత్తడి గిన్నెల లోపల కళాయి పూయడం ఆయన పని. గుంతలో బొగ్గులు, పక్కన తోలు తిత్తి. గిన్నె కాగాక తగరం పట్టడానికి నవాసాగరం పొడి చల్లి, తగరం అంటించి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే తెల్లటి పొగ లేచేది. పొగ పోయేసరికి గిన్నె లోపలంతా వెండి. కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము పడుతుంది. అందుకని పండగల ముందు ఆడవాళ్లంతా గిన్నెలు చంకన పెట్టుకుని అక్కడే నిలబడేవాళ్లు. ఉగాదికీ అదే గుంపు, రంజానుకూ అదే గుంపు. ఎవరి కోడలు ఎలాంటిదో అక్కడే తేలిపోయేది.

తర్వాత నాన్‌స్టిక్ వచ్చింది. టీవీలో నల్ల పెనం మీద దోశ జారిపోయేది. కొత్త అపార్ట్‌మెంట్లలో ఇత్తడి అంటే అత్తగారు, నాన్‌స్టిక్ అంటే తాము. అది ముందే పసిగట్టి చెన్నై నుంచి సరుకు దించాను. కానీ మా ఊరి ఆడవాళ్లు నాకు తీసిపోరు. చూస్తారు, తడుముతారు, ఇంట్లో ఇత్తడి ఉండాది కదా, కళాయి పూపిస్తే సరిపోతాదిలే అని లేచిపోతారు.

ఒకరోజు చంటిబిడ్డతో ఒకామె వచ్చింది. బేరం చివరిదాకా వచ్చి, అక్కడ ఆగింది. అప్పుడు నా నోట్లోంచి ఊడిపడింది, ఈమధ్య కళాయిలో సీసం కలుపుతున్నారట, అది పిల్లల బుర్రకు విషమట, బిడ్డ ఉన్న ఇల్లు, చూసుకోమని. పేరు చెప్పలేదు. ఊళ్లో కళాయి పూసేది ఒక్కడే అయినప్పుడు పేరెందుకు? ఆమె పెనం కొంది. నాకెవరైనా చెప్పారా ఆ మాట? లేదు. మామ మీద కోపముందా? అదీ లేదు. కోపమైనా ఉండి ఉంటే తప్పు దాని మీదికి తోసేసేదాన్ని. మాట పనిచేసింది. మళ్లీ వాడాను. మళ్లీ పనిచేసింది. ఇక్కడితో ఆగి ఉంటే వ్యాపారమన్నాక ఇవన్నీ మామూలే అని సర్దిచెప్పుకునేదాన్ని. నేను మోస్తున్నది దీన్ని కాదు.

రెండు నెలలకు మామే అంగట్లోకి వచ్చాడు. లోపల ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఆయన చేతిలో వేలంత తగరం కడ్డీ.

"పాపా, నేను సీసం కలుపుతాండానని ఎవురో పుకారు లేపినారు. నువ్వు సెప్తే ఈళ్లు నమ్ముతారు."

"కూసో మామా. నీళ్లు తాగు."

"నీళ్లు యాడికి పోతాయిలే. నీ సెవి ఇట్ల పెట్టు." కడ్డీని నా చెవి పక్కన పెట్టి వంచాడు. "తగరం వంచితే ఏడస్తాది. సీసం కలిసిందా, నోరు పెగల్దు. మా నాయన నాకు సెవితోనే నేర్పిచ్చినాడు. ఇనపడిందా?"

వినపడింది. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా కాలు పెట్టినట్టు, కరకరమని. ఒకామె చేతిలో అప్పుడే ఖాయం చేసుకున్న పెనం ఉంది. ముగ్గురూ నా ముఖంలోకే చూస్తున్నారు.

"ఇనపళ్యా మామా."

"ఫ్యాను ఆపు పాపా."

ఆపాను. మళ్లీ వంచాడు. ఈసారి ఇంకా స్పష్టంగా వినపడింది.

"ఏమో మామా. ఇనపళ్యా."

పెనం పట్టుకున్నామె పక్కామెతో, "సాయిబుకు వయసైనట్టుండాది, లేనివి ఇనపడతాండాయి" అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. మామ కడ్డీని తన చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి వంచుకున్నాడు. నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "సరేలే పాపా" అని వెళ్లిపోయాడు.

ఏడాది తిరక్కుండా కొలిమి పూడ్చేశాడు. పలమనేరులో కూతురింటికి చేరి, అక్కడి టమేటా మండీలో కాపలా పనికి కుదిరాడని విన్నాను. ఆడవాళ్ల గుంపు ఎక్కడికి పోయిందో తెలియదు. ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. నల్లపూత పెచ్చులు పెచ్చులుగా దోశకు అంటుకుని వస్తోందని పెనాలు పట్టుకొస్తే, మెల్లగా తోముకోవాలమ్మా అని పంపేదాన్ని.

ఇప్పుడు అవే అపార్ట్‌మెంట్ల పిల్లలు ఫోన్లో చూసి ఇత్తడి కావాలని వస్తున్నారు. ఒకప్పుడు వాళ్ల అమ్మల దగ్గర తూకానికి తీసుకున్న గిన్నెలే తోమించి అద్దాల అలమారాలో పెట్టాను. అవ్వల కాలం నాటి ఆరోగ్యం అని బోర్డు కూడా రాయించాను. నవ్వుకోండి. కళాయి ఎవరు పూస్తారండీ అని అడుగుతారు. వెంటనే రెండో ప్రశ్న, అందులో సీసం కలపరు కదా అని. నా మాటే, కాస్త చదువుకుని నా దగ్గరికి వచ్చింది.

పోయిన నెల పలమనేరు బస్సెక్కాను. తప్పు ఒప్పుకోవడానికే అనుకున్నారా? అయితే నేనింకా మీకు తెలియలేదన్నమాట. బేరానికి వెళ్లాను. ఆదివారాలు మా అంగడి ముందు కొలిమి పెట్టమని, జనం వీడియోలు తీసుకుంటారని. మామ నన్ను చూసి సంతోషపడ్డాడు. కూతురితో టీ పెట్టించాడు. అంతా విని, వద్దన్నాడు.

"ఆ పొద్దు నీకు ఇనపళ్యా గదా పాపా. గిన్నె మీద గోటితో కొట్టి లోహం సెప్పేదానివి నువ్వు. నీకే ఇనపళ్యా అంటే, నాకు తగరం అమ్మినోడు కల్తీది ఇచ్చినాడేమో. నా సెవి అలవాటుకొద్దీ ఇన్నాదేమో."

పెద్ద మనవడికి ఆరేళ్లదాకా మాటలు రాలేదట. వాళ్లింట్లోనూ అన్నీ ఆయన కళాయి గిన్నెలే. ఆ పిల్లవాడి మాటలు తానే పోగొట్టానని, ఊళ్లో ఇంకెన్ని ఇళ్లలో అలా జరిగిందోనని, ఇన్నేళ్లూ ఆయన లోలోపల నలుగుతూనే ఉన్నాడు. ఆయన పని మాత్రమే పోగొట్టాననుకుంటూ వచ్చాను నేను. కాదు. ఆయన చెవిని ఆయనే నమ్మకుండా చేశాను. పుకారును ఆయన నమ్మలేదు. నన్ను నమ్మాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "అదంతా పాత సంగతిలే మామా" అని వచ్చింది నోట్లోంచి. ఎందుకు? అంగడి పేరు పోతుందనా? ఆయన కూతురు టీ గ్లాసు లాక్కుంటుందనా? లేక నా మీద ఆయనకున్న ఆ నమ్మకం, ఊళ్లో ఇంకెవరికీ లేనిది, వదులుకోవడానికి ఇష్టం లేకనా? మూడోదే అయి ఉంటుంది. టీ పూర్తిగా తాగి బస్సెక్కాను.

ఆయన పేరు మార్చాను. నాది రాయలేదు, చూశారుగా. ఒప్పుకోలులో కూడా తగ్గింపు అడిగే రకం నేను. మీకు చెప్పినంత మాత్రాన ఆయనకు చెప్పినట్టు కాదని తెలుసు. పలమనేరు గంటన్నర దారి, బస్సులు బోలెడు. వెళతానో లేదో మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీరు విన్నారు.

కానీ నాకు వినపడింది. రెండుసార్లూ వినపడింది. మొదటిసారి ఈ ముక్క నాలోంచి బయటికి వచ్చింది, చేతిరాతలో నా ముందే ఉంది. చిత్రం, ఇది రాశాక ఆకలేస్తోంది. వేయకూడదు, సిగ్గుగా ఉంది. అయినా లేచి వెళ్లి తింటాను.