వేపనూనె వాసన కొట్టిన అంతరిక్ష యుద్ధం

డిగ్రీ రెండో ఏడు చదివే రోజుల్లో నాకు అంతరిక్షం గురించి తెలియని సంగతంటూ లేదు. శనిగ్రహం వలయాల్లో ఏ రాయి వెనక ఎవరు దాక్కోవచ్చో, కాంతివేగంతో పోతున్న నౌకకు బ్రేకు వేస్తే ఎంతసేపటికి ఆగుతుందో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేదాన్ని. తెలియనివల్లా భూమ్మీది సంగతులే. అన్నానికి ఎసరు ఎంత పెట్టాలో తెలియదు. పెద్దారవీడు దగ్గరి మా ఊరి నుంచి మార్కాపురం పోయే బస్సు మధ్యాహ్నం ఎన్నింటికి తిరిగొస్తుందో, రెండేళ్ళు అందులోనే తిరిగినా తెలియదు. (పుస్తకంలో తలదూర్చి, దిగాల్సిన చోట దిగకుండా డిపో దాకా పోయిన రోజులు చాలానే ఉన్నాయి. కండక్టరు నాకు 'చంద్రమండలం' అని పేరు పెట్టాడు. "చంద్రమండలం, నీ స్టాపు వచ్చినాది, దిగు తల్లీ" అని బస్సంతా వినపడేట్టు అరిచేవాడు. నేను దాన్ని బిరుదు అనుకునేదాన్ని.)

అలాంటి నేను కాలేజీ వార్షికోత్సవానికి నాటకం రాస్తానని పూనుకున్నాను. మా ఆడపిల్లల కాలేజీలో ఏటా తాగుబోతు మొగుడు మారే నాటకమే వేసేవాళ్ళు. మొగుడు వేషం వేసే అమ్మాయి మారేది కానీ మొగుడు మాత్రం ప్రతి ఏడూ అదే చోట మారేవాడు. నేను రాసింది రోదసీ యుద్ధం. భూమి సైన్యానికీ శనిగ్రహం సైన్యానికీ పోరాటం. భూమివాళ్ళ దగ్గర 'గండభేరుండం' అనే యుద్ధవిమానం ఉంటుంది. లోపల మనిషి ఉండడు. దానంతటదే ఎగురుతుంది, గురిచూస్తుంది, ఆలోచిస్తుంది. ఒకరోజు సేనాధిపతి దాన్ని శత్రువుల ఓడ మీదికి పంపిస్తాడు. తీరా చూస్తే ఆ ఓడ నిండా పిల్లలు. గండభేరుండం కాల్చనని ఎదురుతిరుగుతుంది. అక్కడ నాలుగు పేజీల డైలాగు.

ప్రిన్సిపాల్ గారు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "హీరో ఎవరమ్మా?" అన్నారు.

"విమానం సార్."

"దాన్ని నడిపేది?"

"ఎవరూ నడపరు సార్. దానంతటదే ఆలోచిస్తుంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మన కాలేజీలో ఆలోచించేది అదొక్కటేనన్నమాట" అన్నారు. చివరికి ఒప్పుకున్నారు కానీ రెండు షరతులు పెట్టారు. భాషను తెలుగు మేడం దిద్దాలి. నాటకం గనక నవ్వులపాలైతే వచ్చే ఏడాది నుంచి స్టేజీ మీద డాన్సులే, నాటకాలుండవు. ఆ మాట విని మా క్లాసువాళ్ళంతా నావైపు ఎంత నమ్మకంగా చూశారో తలచుకుంటే ఇప్పటికీ జాలేస్తుంది.

తెలుగు మేడాన్ని మేము చాటుగా 'గ్రాంథికం మేడం' అనేవాళ్ళం. ఆమె నా నాటకాన్ని వారం రోజులు ఇంట్లో ఉంచుకుని దిద్దారు. 'నేను కాల్చను సార్' అని నేను రాసింది, 'ఓ సేనాధిపతీ! నిరపరాధశిశుసంహారమునకు నా యంత్రహృదయము సమ్మతింపజాలదు' అయి తిరిగొచ్చింది. ఆ మాట పలకాల్సింది హనుమంతునిపాడు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నా స్నేహితురాలు. ఆమెకు మేము పెట్టిన పేరు సైరన్. హాస్టల్లో ఆమె ఎవరినైనా పిలిస్తే పక్కవీధిలో ఆ పేరున్నవాళ్ళు కూడా పలికేవాళ్ళు. మైకు లేకుండా విమానం లోపలి నుంచి గొంతు వినపడాలంటే సైరన్ తప్ప దిక్కులేదు. (మనిషి లేని విమానంలో మనిషిని కూర్చోబెట్టడం ఏమిటని మీరు అడగవచ్చు. అప్పుడు ఎవరూ అడగలేదు.) ఆమె మాత్రం సంభాషణ చదివి, "ఏందే ఇది, తద్దినం మంత్రం మాదిరి ఉండాది! నా నోరు తిరగదు. కాగితం చూసి చదువుతా" అంది. సరేనన్నాను.

విమానం తయారీ నా చేతుల మీదుగానే జరిగింది. వెదురుబద్దలతో చట్రం కట్టి, కింద సామాన్లు మోసే నాలుగు చక్రాల బండి పెట్టి, పైన మా చిన్నమామ గృహప్రవేశం నాటి ఫ్లెక్సీ తిరగేసి చుట్టి, వెండిరంగు పూశాను. అన్నీ కుదిరాయి, వెనక నుంచి రావాల్సిన పొగ తప్ప. నిప్పు పెడితే కాలేజీ తగలబడుతుందని అటెండరు ఒప్పుకోలేదు. అప్పుడు నాకు మా నాయన పంపు గుర్తొచ్చింది. వీపుకు తగిలించుకుని మిరపతోటకు మందు కొట్టే బ్యాటరీ పంపు అది. నాజిల్ నుంచి సన్నటి తుంపర వస్తుంది. లైటు పడితే అచ్చం రాకెట్టు పొగే.

నాయన అప్పుడు గిద్దలూరులో మా మేనత్త ఇంటికి పోయి ఉన్నాడు. నాలుగు రోజులకు గానీ రాడు. "కాలేజీలో మొక్కలకు నీళ్ళు కొట్టాలంటమ్మా" అని అమ్మతో చెప్పి పంపు బస్సెక్కించాను. అది నా జీవితంలో మొదటి పెద్ద అబద్ధం. ట్యాంకు రెండుసార్లు కడగాలనుకున్నాను. ఒకసారి కడిగాను. అది కూడా ఆ సమయంలో శని వలయాల గురించి ఆలోచిస్తూ కడిగాను. లోపల చివరిసారి పోసింది వేపనూనె.

వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం హాలు కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి చీకటి చేశాం. మొదటి వరసలో ప్రిన్సిపాల్ గారు, పక్కన మల్లెపువ్వులాంటి తెల్లబట్టల్లో ముఖ్య అతిథి. మా క్లాసు లీడరు వాళ్ళన్న దగ్గర తెచ్చుకున్న యూనిఫారం వేసుకుని, అట్టకత్తి పట్టుకుని సేనాధిపతిగా నిలబడింది. నేను తెర పక్కన, చేతిలో నాటకం కాగితాలు పట్టుకుని. తాడు లాగగానే గండభేరుండం గడగడమంటూ స్టేజీ మీదికి వచ్చింది. వెనక నుంచి లైటు పడింది.

అంతే, హాలంతా గొల్లుమంది. వెండిరంగు లోంచి మా చిన్నమామ బయటికొచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, విమానం కడుపంతా పరుచుకుని నవ్వుతున్నాడు. ఆయన తల మీద 'సుస్వాగతం' అనే అక్షరాలు తిరగబడి కనపడుతున్నాయి. "డ్రైవరు ఉండాడే!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అంతలో తాడు మెలిపడి బండి గిర్రున తిరిగింది. విమానం ముక్కు గోడవైపు, తోక ముఖ్య అతిథివైపు. లోపల ఉన్న సైరన్‌కు బయట ఏమీ కనపడదు. చెప్పినట్టే స్విచ్ వేసింది. తోకలోంచి సన్నటి తుంపర అందంగా, నేను ఊహించినదాని కన్నా అందంగా, మొదటి వరస మీదికి పోయింది. దాని వెంట వేపనూనె వాసన. తుమ్ములు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ గారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నా వైపు చూశారు. ఆ చూపులో వచ్చే ఏడాది డాన్సులన్నీ కనిపించాయి.

లీడరు మాత్రం చెదరలేదు. కత్తి ఎత్తి, "ఓ గండభేరుండమా! శత్రునౌకను భస్మీపటలము గావింపుము!" అంది.

జవాబు లేదు. లోపలికి చిందిన తుంపరకు కాగితం తడిసి, సిరా కారిపోయి, యంత్రహృదయమంతా నీలంగా అయిందని తర్వాత తెలిసింది. నేను తెర పక్క నుంచి "నిరపరాధశిశు… నిరపరాధశిశు…" అని గుసగుసగా అందిస్తున్నాను. ఆ తుమ్ముల్లో నా గొంతు నాకే వినపడలేదు. చివరికి విమానం లోపలి నుంచి సైరన్ గొంతు ఖంగుమంది.

"ఏంది సారూ, ఊరికే కాల్చు కాల్చు అంటావు? ఆ ఓడలో పిల్లకాయలుండారు. అన్నం తింటా ఉండారు. నేను కాల్చను. కావాలంటే నువ్వే పోయి కాల్చుకో పో!"

తుమ్ములు ఆగి చప్పట్లు మొదలయ్యాయి. అన్నం తింటున్నారనేది నేను రాయలేదు, మేడమూ రాయలేదు. ఆ మాట విన్నాక ఆ ఓడలో పిల్లలు నాకు కూడా మొదటిసారి కనపడ్డారు. నాలుగు పేజీలు రాసినా నాకు కనపడని పిల్లలు.

ఆ చప్పట్ల మధ్యే హాలు తలుపు తెరుచుకుంది. వెలుతుర్లో నిలబడి ఉన్నది మా నాయన.

ఆయన గిద్దలూరు నుంచి ముందే వచ్చేశాడు. తోటకు పోయి చూస్తే మిరపాకులు ముడుచుకుపోతున్నాయి. ఆ రెండెకరాల మిరపే మా ఇంటికి ఆ ఏడాదంతా ఆధారం. ఆ పొద్దే మందు కొట్టకపోతే తెగులు తోటంతా పాకుతుంది. పంపేదని అడిగితే అమ్మ కాలేజీ అని చెప్పింది. బండేసుకుని వచ్చేశాడు. హాలులో అడుగుపెట్టగానే వాసన పట్టాడు. (ఎంత చీకట్లోనైనా రైతు తన మందు వాసన పోల్చుకోగలడు.) నేరుగా మెట్లెక్కి స్టేజీ మీదికి వచ్చి, విమానం తోకలోంచి బయటికొచ్చిన నాజిల్‌ను పట్టుకుని చూసి, "ఇది మా పంపే గదా!" అన్నాడు.

లోపల సైరన్‌కు మగగొంతు వినపడింది. నాటకంలో మగగొంతు లేదు. ఆమె కంగారుపడి, "ఎవరు నువ్వు? శనివా?" అంది.

"ఎవర్నమ్మా శని అంటా ఉండావు?" అన్నాడు నాయన. "మాది పెద్దారవీడు కాడ."

హాలు మళ్ళీ గొల్లుమంది. సైరన్‌కు పట్టుదల పెరిగింది. "యాడోడివైనా సరే, పిల్లకాయల్ని కాల్చేది లేదు!"

"కాల్చమని నిన్నెవరన్నారు తల్లీ? యుద్ధం మీరే చేసుకోండి. నా పంపు నాకియ్యి. ఆడ తోట ముడుచుకపోతా ఉండాది."

నేను తెర గుడ్డను ముఖానికి చుట్టుకున్నాను. ఆ క్షణంలో మమ్మల్ని కాపాడింది లీడరు. ఆ అమ్మాయి రెండడుగులు ముందుకొచ్చి, కత్తి కింద పెట్టి, నాయనకు నమస్కారం చేసి, "భూలోక కర్షకోత్తమా! మా యుద్ధము ముగిసినది. ఈ ఆయుధమును నీకు సమర్పించుచున్నాము. ఇక దీనితో తెగుళ్ళపై మాత్రమే యుద్ధము చేయుము!" అంది. ఫ్లెక్సీ చింపి పంపు బయటికి లాగి నాయన చేతుల్లో పెట్టింది. చిరిగిన ఫ్లెక్సీ సందులోంచి సైరన్ తల బయటికొచ్చింది. నాయన ఆ పిల్లను చూసి, "అయ్యో, ఇంతసేపు ఊపిరి ఎట్ల తీసుకున్నావమ్మా?" అన్నాడు. తెర పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ముఖ్య అతిథి తన ప్రసంగంలో, ఆయుధాన్ని పనిముట్టుగా మార్చిన ఈ ఆలోచన ఇంత చిన్నవయసు రచయిత్రికి రావడం గొప్ప విషయమన్నారు. చొక్కా వాసన చూసుకుంటూ, పంట వాసన కూడా వేదిక మీదికి తెచ్చారని మెచ్చుకున్నారు. నేనేం చేశాను? లేచి నిలబడి, వినయంగా తల వంచి, ఆ మెప్పంతా పుచ్చుకున్నాను. గ్రాంథికం మేడం ఒక్కరే నా దగ్గరికొచ్చి, "ఒక్క సమాసం కూడా మిగల్చలేదు కదమ్మా" అని బాధపడ్డారు. ప్రిన్సిపాల్ గారికి నవ్వి నవ్వి మాట రావడం లేదు.

ఇంటికి పోయే దారిలో నా ధైర్యమంతా దిగిపోయింది. బండి వెనక పంపు వీపుకు తగిలించుకుని కూర్చున్నాను. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలు దాటాం, పొలాలు వచ్చాయి. తిట్టు ఏ మలుపులో మొదలవుతుందా అని ఎదురుచూస్తున్నాను.

"పాపా," అన్నాడు చివరికి.

"ఆఁ నాయనా."

"ఆ ఓడలో పిల్లకాయలు ఏమైనారు?"

"నాటకంలోనా?"

"మరి? నేను పోయి మధ్యలో ఆపేస్తి గదా. తర్వాత ఏంది కథ?"

గండభేరుండం తనను తాను పేల్చేసుకుంటుందని చెప్పాను. నేను రాసిన ముగింపు అదే. అది రాస్తూ నేను ఏడ్చాను కూడా. నాయన బండి వేగం తగ్గించేశాడు.

"పేలిపోవడమేంది? అంత మంచి బండిని ఎందుకు పేల్చినావు? అది పేలిపోతే ఆ పిల్లకాయల్ని ఇంటికాడ దింపేదెవరు?"

నేను దాని గురించి ఆలోచించనే లేదు. అబద్ధం సంగతి ఆయన ఒక్క మాటతో ముగించాడు: "ఇంకోసారి అడిగి తీసకపో. మొక్కలకు నీళ్ళని మీ అమ్మకు చెప్పబాక." అంతే. ఆ ఒక్క మాటకే నాకు కన్నీళ్ళు వచ్చాయి.

తోటకు పోయేసరికి ఎండ చల్లబడింది. నాయన ట్యాంకు నింపుకుని సాళ్ళలో మందు కొడుతుంటే, నేను గట్టు మీద నడుస్తూ కథ మార్చి చెప్పాను. గండభేరుండం పిల్లలను వీపున ఎక్కించుకుంది, శని సైన్యానికి దొరకకుండా రాళ్ళ చాటున తప్పించుకుంది, దారిలో ఇంధనం అయిపోయింది. ప్రతి సాలు చివరా నాయన స్విచ్ ఆపి నిలబడి, "ఆఁ, అప్పుడు?" అనేవాడు. ఒక్కోసారి, "అట్ల కుదరదు పాపా, పిల్లకాయలకు దాహమైతది, నీళ్ళు యాడియి?" అని నన్ను ఇరుకున పెట్టేవాడు. ఆఖరి సాలు అయ్యేసరికి పిల్లలంతా ఎవరిళ్ళకు వాళ్ళు చేరారు. తోట బతికింది. ఆ తర్వాతి ఏడాది కాలేజీలో నాటకమూ ఉంది.

ఆ తర్వాత చాలా రాశాను. కొన్ని అచ్చయ్యాయి కూడా. ఎంత రాసినా ఒక మనిషిని పని ఆపి నిలబెట్టి 'అప్పుడు?' అనిపించడం ఆ గట్టు మీద కుదిరినంత బాగా మళ్ళీ కుదరలేదు. వీపు తడిసి, జుట్టంతా వేపనూనె కంపు కొడుతూ, చేతులూపుకుంటూ, ఆకాశమంతా తనకు తెలుసనుకుని గట్టు మీద నడిచిన ఆ పిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. దానికి ఒక్క సంగతీ సరిగ్గా తెలియదు. అయినా ఎంత ధీమాగా చెప్పిందో!