మా మేనత్త అడ్జస్ట్ కాని రోజు

మొన్న నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు పోయే బస్సులో, ఇద్దరు పట్టే సీటులో కూర్చున్న నా దగ్గరికి చేపల బుట్టతో ఒకామె వచ్చి, "కొంచెం అడ్జస్ట్ అవ్వక్కా" అంది. జరిగాను. నడుము పట్టేసింది గానీ, నా మనసు మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

అది ఇంగ్లీషు మాటని మా ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు. దర్జీ జాకెట్టు బిగుతుగా కుట్టి, "రెండు కుట్లు విప్పి అడ్జస్ట్ చేస్తాలేమ్మా" అంటాడు. ఫ్యాను రెక్క ఒరిగినా, పులుసులో ఉప్పెక్కువై నీళ్ళు పోసినా, పురోహితుడు రాలేదని ముహూర్తం కాస్త జరిపినా అడ్జస్ట్ చేయడమే. కొత్త కోడలు అత్తింట్లో ఇమిడిపోతే "బాగా అడ్జస్ట్ అయింది" అని మెచ్చుకుంటారు. అల్లుడి గురించి ఆ మెప్పు నేనెప్పుడూ వినలేదు. వస్తువులకు వాడితే సరిచేయమని అర్థం, మనుషులకు వాడితే, అందులోనూ ఆడవాళ్ళకు వాడితే, నోరు మూసుకోమని. ఈ తేడా నాకు నేర్పింది మా మేనత్త.

మామ పోయాక ఆమెకు మిగిలింది రెండెకరాల వరి మడి. పక్కనే మరిది పొలం. అతను దాన్ని తవ్వి రొయ్యల గుంటలు చేసి, ఉప్పునీళ్ళు పెట్టాడు. ఆ ఏడే అత్త మడిలోకి ఉప్పు ఊరింది. ఈనడానికి సిద్ధంగా పొట్ట మీదున్న పైరు కొసలు ఎర్రబడి, పది రోజుల్లో ఎండుగడ్డి అయిపోయింది. నేనప్పుడు డిగ్రీ చదువుతూ ఆమె దగ్గరే ఉండేదాన్ని. ఎండిన దుబ్బు ఒకటి పీకి చేత్తో పట్టుకుని ఆమె మరిది ఇంటికి బయల్దేరితే వెంట వెళ్ళాను.

అతను మంచం మీద కూర్చుని దోసె తింటున్నాడు. "అందరూ గుంటలు తవ్వతా ఉండారు వదినా. నేనొక్కణ్ణే చేసినానా? నువ్వే కొంచెం అడ్జస్ట్ చేసుకోవాల" అన్నాడు, తలెత్తకుండానే. ఊరి పెద్దమనుషులూ అదే మాట అన్నారు. అత్త ఎవరితోనూ వాదించలేదు. ఆ దుబ్బును తెచ్చి వంటింటి గూట్లో పెట్టింది. రెండేళ్ళు దాన్ని చూస్తూనే అన్నం వండింది.

మరిది గుంటలకు దారి అత్త పొలం అంచునే పోతుంది. మేత బస్తాలు, ఐసు లారీలు అన్నీ అక్కణ్ణుంచే. మిగతా వైపులన్నీ వేరేవాళ్ళ గుంటలు కాబట్టి ఇంకో దారి లేదు. ఎవరూ ఆమెను అడిగిందీ లేదు, ఆమె కాదన్నదీ లేదు. ఆ ఓర్పు చూసి ఊరు ఆమెను మెచ్చుకుంది కూడా.

మూడో వేసవిలో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు తగిలింది. ఆ పూటే పట్టి ఐసులో వేస్తే సరి, లేకపోతే అన్నీ పోతాయి. పొద్దున్నే ఐసు లారీ వచ్చేసరికి దారికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో మా అత్త, ఒళ్ళో చేటనిండా తోటకూర.

మరిది పరుగెత్తుకొచ్చాడు. "వదినా, లెయ్యి! రొయ్యలు చచ్చిపోతా ఉండాయి!"

అత్త పుచ్చిన ఆకు ఒకటి ఏరి పారేసింది. "ఇది నా నేల అబ్బయా. కొంచెం అడ్జస్ట్ చేసుకో."

అతను అరిచాడు, తిట్టాడు, చివరికి దణ్ణం పెట్టాడు. ఆడమనిషి మీద చెయ్యి వేసి లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మరిది భార్య వచ్చి కాళ్ళు పట్టుకుంటే అత్త వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి, మళ్ళీ కదిలాయి. నచ్చజెప్పబోయిన పెద్దమనుషులతో, "మీరు చెప్పిన మాటే గదన్నా నేను చెప్పినా" అంది. ఎండెక్కేకొద్దీ లారీ కిందనుంచి ఐసు నీళ్ళు ధారగా కారాయి. నేను మంచినీళ్ళ చెంబుతో ఆమె పక్కన నిలబడ్డాను. నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే, పండగలా ఉంది.

మధ్యాహ్నానికి లారీ తిరిగిపోయింది. వారంపాటు ఊరంతా కుళ్ళు కంపు. మా ఇంట్లోనూ ముద్ద దిగలేదు. మరిది గుంటలు పూడ్చేసి, నాయుడుపేట దగ్గరెక్కడో ఫ్యాక్టరీలో పనికి చేరాడు. అత్త కాళ్ళు పట్టుకున్న ఆ చేతులు ఈ వయసులో నాకు అప్పుడప్పుడూ గుర్తొస్తుంటాయి.

అత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి. మొన్న నేను వెళ్ళింది ఆమెను చూడడానికే. మాటల్లో, ఆ రోజు గురించి ఎప్పుడైనా బాధపడ్డావా అని అడిగాను.

"పడకేం?" అంది. "తల దించుకోని ఆకు ఏరతా కూచున్నా. వాడి మొగం సరిగ్గా చూడలా."

ఎన్నో వానలకు ఆమె మడిలో ఉప్పు కడుక్కుపోయి, మళ్ళీ వరి పండుతోంది. కాలం అన్నీ మరిపిస్తుందంటారు. మా అత్త దగ్గర దాని పని ఇంకా పూర్తి కాలేదు.