సంగటి ముట్టలేని చెయ్యి

మునిచంద్రను ప్రొఫెసర్‌ని చేసింది ఒక మోటారు చెయ్యి. తిరుపతిలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్లు దాని మీదే పనిచేశాడు. సీసా పట్టుకోవడం, తాళం తిప్పడం, పెన్ను ఎత్తడం... ఇలా ఇరవై పరీక్షల జాబితా ఏదో చలిదేశం నుంచి వచ్చింది. చెయ్యి ఇరవైలోనూ నెగ్గింది. వ్యాసాలు అచ్చయ్యాయి, శాలువాలు పడ్డాయి. తొడుక్కునే మనిషి మాత్రం అందరికీ చివర్లో గుర్తొచ్చింది.

ఆ మనిషి మునెమ్మ. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా పోయి మూడేళ్లయింది. మోటారు చెయ్యి తొడిగిన నెల తిరక్కుండానే దాన్ని గుడ్డసంచిలో తెచ్చి, ఆయన బల్ల మీద పెట్టింది.

"నాకొద్దు సార్ ఇది."

"ఏం, చెడిపోయిందా?"

"బ్రమ్మాండంగా ఉండాది. సీసా పట్టుకుంటాది, తాళం తీస్తాది. అవి నా ఎడంచెయ్యీ చేస్తాది గదా. ఎడంచేత్తో తినేదానికి సిగ్గయి, మూడేండ్లుగా జాతరలో బంతి భోజనానికి కూర్చోలా. దీంతో రాగిసంగటి తినొచ్చునని ఆశపడితి."

"తినొచ్చుగా మరి?"

"చెయ్యి తడుపుకోకుండా సంగటి ముట్టుకుంటారా ఎవరైనా? బంక మాదిరి అంటుకుంటాది. దీనికేమో నీళ్లు తగలకూడదని మీరే చెబితిరి. మీరు యాడోళ్లు సార్?"

"ఏర్పేడు పక్కనే."

"అట్లనా! యా తెల్లదొరో అనుకుంటి."

మునిచంద్ర బల్ల మీది చెయ్యిని దగ్గరకు లాక్కున్నాడు. కూలికి పోయిన నాయన తెచ్చిన రాగులతో పెరిగిన ఒళ్లు ఆయనది. హాస్టల్లో చెంచా పట్టాక, ఆ జాబితాలో ఇరవై ఒకటో వరసగా సంగటిని చేర్చాలన్న తలపే రాలేదు.

జాతరకు మూడు వారాలుంది. మోటార్లు పీకేశాడు. రెండు రబ్బరు వేళ్లు, ఒక బొటనవేలు, భుజం కదిపితే వాటిని మూసే తాడు అమర్చాడు. ల్యాబులో రోజూ రాగిపిండి ఉడికింది. డిపార్ట్‌మెంటు పెద్ద తొంగిచూసి, "దీంట్లో కొత్తదనం ఏముందప్పా? యా పత్రిక వేస్తాది దీన్ని?" అన్నాడు.

"ఏదీ వెయ్యదు సార్," అన్నాడు మునిచంద్ర, గరిట తిప్పుతూ.

జాతర రోజు బంతిలో మునెమ్మ పక్కనే కూర్చున్నాడు. ఆమె రబ్బరు వేళ్లు నీళ్లలో ముంచి, భుజం కదిపింది. మొదటి ముద్ద జారిపోయింది. రెండోది వేటకూర పులుసులో అద్దుకొని మింగింది. వెంటనే కళ్ల నీళ్లతో చెంబు కోసం తడుముకుంది.

"ఏమైందమ్మా?"

"ఉడుకు సార్! ఈ వేళ్లకు తెలిస్తే గదా. నాలిక కాలిపాయ!"

అంటూనే మళ్లీ చెయ్యి తడుపుకుంది.